మనిషి వేరు, కష్టము వేరు

(ఇచ్చోడ గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఏ గ్రంథాలయములోనైనను ముందుగా అట్టలు ఊడిపోవునవి కథల పుస్తకములే. వాటిని చూచి కొందరు పెద్దలు పెదవి విరుతురు. కథలు ప్రొద్దుపుచ్చుటకే గాని బ్రతుకుటకు అక్కరకు రావని వారి తలంపు. అట్టి కథనే పనిముట్టుగా పట్టుకొని, దుఃఖముతోను, భయముతోను, మనోవ్యాధులతోను తన వద్దకు వచ్చినవారికి సుమారు మూడు దశాబ్దములు సేవ చేసిన సంఘసేవకుడొకడు ఉండెను. ఆయన పేరు మైకేల్ వైట్. ఊరు ఆస్ట్రేలియా దేశములోని అడిలైడ్. దేశము దూరమే గాని ఆయన పట్టుకొన్న విషయము దూరపుది కాదు. ఆదిలాబాదు జిల్లా పల్లెలలో ప్రతి వాడలోను అది కలదు.

ముందుగా ఆయన వృత్తి యేమో తెలిసికొనవలెను. పెద్ద మానసిక వైద్యశాలలలో డాక్టరు మందు వ్రాయును. నర్సు రోగిని కనిపెట్టి యుండును. కాని రోగి ఏ ఇంటినుండి వచ్చినాడు, ఆ ఇంటిలో ఏమి జరిగినది, తిరిగి పోయిన పిమ్మట అతనిని పిలిచి పని యిచ్చువారెవరు అను సంగతులు విచారించి, అతనితోను అతని కుటుంబముతోను కూర్చుండి మాటలాడుటకు మరియొక ఉద్యోగి ఉండును. ఆయనను సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అందురు. మానసిక వైద్య సంఘసేవకుడని చెప్పుకొనవచ్చును. ఈయన చేతిలో సూది లేదు, మాత్ర లేదు. ఉన్నది మాట. మన దేశములో సంఘసేవను ఒక విద్యగా నేర్పు పాఠశాల 1936లో బొంబాయిలో వెలసెను. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికను మిషనరీ ఆధ్వర్యమున సర్ దొరాబ్జీ టాటా పేర నెలకొన్న ఆ పాఠశాలయే పిమ్మట టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ ఉద్యోగిని పేరు పెట్టి నిర్వచించినది. సంఘసేవాశాస్త్రములో స్నాతకోత్తర పట్టము, ఆపైన మానసిక వైద్య సంఘసేవలో పూర్తికాలము రెండేండ్లు చదివిన ఎం.ఫిల్. పట్టము ఉన్నవారికి ఆ పేరు చెల్లును. చట్టములో పేరైతే ఉన్నది. పల్లెలో అట్టివారిని కన్నులార చూచినవారు బహు తక్కువ.

మైకేల్ వైట్ 1948 డిసెంబరు 29న అడిలైడులో జన్మించెను. తొలి ఉద్యోగము నేరము చేసి విడుదలయైనవారిని కనిపెట్టి యుండు ప్రొబేషన్, సంక్షేమ శాఖలలోనిది. 1979లో సంఘసేవలో పట్టభద్రుడై, అడిలైడులోని పిల్లల ఆసుపత్రిలో మానసిక వైద్య సంఘసేవకుడుగా చేరెను. 1983లో డలిచ్ సెంటర్ అను సంస్థ వెలసినది. ఆయన సహచరి చెరిల్ వైట్ దానికి ఆయువుపట్టు. ఆమె ఆ సంస్థ పత్రికను, పుస్తకములను ప్రచురించుచు, ఆయన చేయు పని అచ్చులోనికి వచ్చునట్లు చూచినది. చికిత్స చేసినవాని పేరు నిలుచును. అచ్చు వేయించినవారి పేరు మరుగున పడును. గ్రంథాలయములో కూడినవారైనను ఈ రెండవ పేరును మరువరాదు.

పిల్లల ఆసుపత్రిలో ఆయన గమనించిన సంగతి యొకటి కలదు. తల్లిదండ్రులు పిల్లవానిని తెచ్చి ఎదుట కూర్చుండబెట్టి, ‘వీడు మొండివాడు,’ ‘వీడు పిరికివాడు,’ ‘వీడు మాట విననివాడు’ అని చెప్పుదురు. బడిలో మాస్టరు అదే చెప్పును. ఆసుపత్రి కాగితముపై అదే మాట ఇంగ్లీషు పదములలో వ్రాయబడును. పిల్లవాడు తల వంచుకొని వినుచుండును. నలుగురూ అనుచున్న మాట తానే అయి కూర్చుండును. రోగము పిల్లవానికి వచ్చినదన్న మాట పోయి, పిల్లవాడే రోగమైనాడు.

ఇది పిల్లలతో ఆగు సంగతి కాదు. ఊరిలో ఒకనికి తాగుబోతని పేరు పడినదనుకొందము. వాని తండ్రి పెట్టిన పేరు రేషను కార్డు మీద ఒక్కటే మిగులును. కాన్పు తరువాత కొన్నినాళ్లు మతి చలించిన ఇల్లాలిని, జబ్బు నయమై పదియేండ్లు గడచినను, ‘పిచ్చిది’ అనియే గుర్తుపట్టి చెప్పుదురు. పత్తి పోయి అప్పు తీర్చలేని రైతు తనను తాను ‘నేను ముంచినోణ్ణి’ అని పిలుచుకొనును. ఇక చేతబడి చేయునదని ఒక ముసలమ్మకు పేరు కట్టినచో అది ఎంతవరకు పోవునో తెలంగాణపు పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు. ఇట్టి పేరు మాటగా మొదలై బ్రతుకును కబళించును.

వైట్ చేసిన మొదటి పని ఆ పేరును మనిషి నుండి ఊడదీయుట. మనిషి సమస్య కాడు, మనిషికి ఒక సమస్య ఎదురైనది అనుట ఆయన పద్ధతికి మూలము. వినుటకు ఇది మాటల గారడివలె తోచును. 1984లో ఒక వైద్య పత్రికలో ఆయన వ్రాసిన పిల్లల వ్యాధి సంగతిని, పిమ్మటి గ్రంథములో చెప్పిన ఒక బాలుని వృత్తాంతమును చూచినచో అది గారడి కాదని తెలియును.

ఆ బాలునికి ఆరేండ్లు. మలవిసర్జనపై అదుపు లేక దాదాపు ప్రతిదినము గుడ్డలు పాడుచేయును. అంతటితో ఆగక దానితో ఆటలాడి గోడలకు పూయును, ఉండలు చేసి బీరువాల వెనుకకు విసరును. తల్లి తాను తల్లిగా పనికిరానిదాననని కుమిలిపోయెను. తండ్రి సిగ్గుపడి స్నేహితులను ఇంటికి పిలుచుట మానెను. పిల్లవానికి తోడి పిల్లలు దూరమైరి. అప్పటికే ఆ కుటుంబము అనేకుల వద్దకు తిరిగి విసిగి యుండెను.

వైట్ ‘ఈ పిల్లవాడు ఎందుకిట్లు చేయుచున్నాడు?’ అని అడుగలేదు. ఆ జబ్బుకు దొంగచాటుగా వచ్చు మలము అను అర్థము గల ఒక ముద్దుపేరు పెట్టి, అదియొక జిత్తులమారి అయినట్లు మాటలాడెను. అది అమ్మను ఏమి చేయుచున్నది? నాన్నకు స్నేహితులు లేకుండ ఎట్లు చేసినది? నిన్ను తనతో ఆటకు ఎట్లు లాగుచున్నది? అని ఒక్కొక్కరినే అడిగెను. అంతవరకు పిల్లవానివైపు చూపిన వ్రేళ్లు ముగ్గురివీ ఒక్కమారు మరియొక వైపునకు తిరిగినవి. ఇంటిలో దొంగ పడినప్పుడు ఇంటివారు ఒకరినొకరు తిట్టుకొనుట మానుదురు గదా.

ఇది సగము పని. రెండవ సగమే ముఖ్యము. ఆ జిత్తులమారి మీద మీ చేయి పైదైన దినములు ఏవి అని ఆయన మరల అడుగజొచ్చెను. పిల్లవాడు ఆలోచించి, అది ఆటకు పిలిచినను తాను పోని సందర్భములను జ్ఞాపకము చేసికొనెను. తల్లి, ఒకనాడు తనను తాను నిందించుకొనుటకు మారుగా స్టీరియో పెట్టి సంగీతము వినిన సంగతి చెప్పెను. తండ్రికి అట్టి దినము జ్ఞప్తికి రాలేదు. కాని ఈ రహస్యమును తోడి ఉద్యోగి యొకరికి చెప్పి చూతునని అనెను. ఇవి ఎంత చిన్న సంగతులు! ఇట్టివాటిని ఆసుపత్రి కాగితము మీద ఎవరును వ్రాయరు. వైట్ మాత్రము వీటినే పట్టుకొని, ‘ఆ దినము అది ఎట్లు సాధ్యపడినది? దానివలన నిన్నుగురించి నీకేమి తెలిసినది?’ అని వదలక అడుగుచుండెను. రెండు వారములకు వారు తిరిగి వచ్చునప్పటికి ఒక్కమారు, అదియు స్వల్పముగా, పొరపాటు జరిగియుండెను. ఆరు నెలల పిమ్మట విచారించినప్పుడును పిల్లవాడు బాగుండెను. తల్లిదండ్రులు మరల మనుష్యులలో పడిరి.

ఇక్కడ ఒక శంక సహజము. తప్పునంతయు జబ్బు మీదికి నెట్టినచో మనిషికి బాధ్యత ఉండునా? భార్యను కొట్టువాడు, ‘నేను కొట్టలేదు, కోపము కొట్టినది’ అని తప్పించుకొనడా? వైట్ ఈ ప్రశ్నను దాటవేయలేదు. హింసను మనిషి నుండి విడదీసి మాటలాడరాదని ఆయన తోడివారిని హెచ్చరించెను. కొట్టినవాడే కొట్టినాడు. విడదీసి చూపదగినది, ఆడుదానిని కొట్టుట మగవాని హక్కు అని వానికి చిన్ననాటినుండి నూరిపోసిన తలపోత. అది ఎక్కడనుండి వచ్చినది, ఎవరికి లాభము చేసినది, దానిని కాదనుటకు నీవేమి చేయుదువు అని అడుగునప్పుడు బాధ్యత తగ్గదు, పెరుగును. ఈ భేదము తెలియక ఆయన పద్ధతిని పైపైన అనుకరించినవారు కీడే చేయుదురు.

ఈ పద్ధతికి కథతో ముడి ఎట్లు పడెనో చెప్పవలెను. వైట్ సంఘసేవకుడైనను మానవశాస్త్రజ్ఞుల గ్రంథములను విడువక చదివినవాడు. గ్రెగరీ బేట్సన్ రచనల వలన, ఒక సంగతి మనకు కనబడవలెనన్నచో మనము ముందే గీసికొన్న పటములో దానికి చోటుండవలెనని గ్రహించెను. అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జెరోం బ్రూనర్ రచనల వలన ఆ పటమునకు కథారూపము ఏర్పడెను. బతుకమ్మను పేర్చు దినమున గుమ్మినిండ పూలు వచ్చును. పళ్లెములోనికి కొన్నియే ఎక్కును; తక్కినవి చాప మీద మిగిలి మాపటికి వాడిపోవును. మనిషి బ్రతుకును గూర్చి చెప్పు కథయు అట్టిదే. వేలకొలది దినములలో ఓడిన దినములను మాత్రమే ఏరి పేర్చినచో ‘ఓడినవాడు’ అను కథ తయారగును. అది అబద్ధము కాదు. అందలి ప్రతి దినమును నిజముగా జరిగినదే. కాని పేర్చనివి ఎన్ని మిగిలిపోయినవి? వైట్ చాప మీద మిగిలిన పూలను ఏరువాడు. క్రొత్తగా కల్పించి చెప్పువాడు కాడు. ‘నీవు చాల ధైర్యవంతుడవు’ అని పొగడి పంపుట ఆయన పద్ధతిలో లేదు. జరిగిన దానినే ఆ మనిషి నోటనే చెప్పించును.

ఈ పనిలో ఆయనకు దొరికిన సహాధ్యాయి డేవిడ్ ఎప్‌స్టన్. కెనడాలో పుట్టి న్యూజీలాండులో స్థిరపడిన ఎప్‌స్టన్ జాబులు వ్రాయుటలో దిట్ట. ఒక కుటుంబముతో మాటలాడిన పిమ్మట, ఆ మాటలలో తాను వినిన విశేషములను, వచ్చినవారి మాటలలోనే, ఒక ఉత్తరముగా వ్రాసి వారి ఇంటికి టపాలో పంపును. ఆసుపత్రి ఫైలు రోగిని గూర్చి వ్రాయబడును గాని రోగి చేతికి రాదు. ఈ ఉత్తరము అతనికే వ్రాయబడినది. అతని పెట్టెలో ఉండును. మనసు క్రుంగిన రాత్రి తీసి చదువుకొనవచ్చును. అట్టి ఉత్తరమొకటి అనేక సమావేశముల పెట్టు అని అందుకొన్నవారు చెప్పిరి. చీకటికి జడియు పిల్లలు ఆ భయమును జయించినప్పుడు, భూతములను లొంగదీయువాడని, భూతములను పట్టువాడని అచ్చువేసిన పత్రము వారికి ఇచ్చుచుండిరి. వీరిద్దరును కలిసి ఈ అనుభవములనెల్ల 1989లో ఒక పుస్తకముగా అచ్చువేసిరి. అది 1990లో పేరు మార్చుకొని అమెరికాలో వెలువడి లోకమంతట వ్యాపించెను. తొలి పేరునకు అర్థము అక్షరజ్ఞానము ద్వారా చికిత్స అని. ఒక గ్రంథాలయపు పండుగకు అంతకంటె తగిన పేరు దొరకదు. మార్చకుండ ఉంచినచో బాగుండెడిది.

మరణ దుఃఖమును గూర్చి వైట్ 1988లో వ్రాసిన వ్యాసము మరియొక మేలిమలుపు. ఆ కాలపు చికిత్సకులు, చనిపోయినవారికి మనసులో వీడ్కోలు చెప్పి, బంధమును తెంచుకొని, ముందుకు నడువవలెనని బోధించుచుండిరి. ఏండ్లు గడచినను వీడ్కోలు చెప్పలేనివారిని రోగులుగా ఎంచిరి. వైట్ వద్దకు వచ్చిన ఒక వితంతువు ఆరేండ్లుగా అట్లే బాధపడుచుండెను. వీడ్కోలు చాలును, మరల పలుకరింపు మొదలుపెట్టుదమని ఆయన మార్గము మార్చెను. నీ భర్త కన్నులతో నిన్ను నీవు చూచుకొన్నచో నీలో మెచ్చుకొనదగినది ఏమి కనబడును? అతడు నీలో చూచిన దానిని ఈ దినము నీవు ఉంచుకొన్నచో రేపటి దినము ఎట్లుండును? అని అడిగెను. చచ్చినవారు తీసికొనిపోయిరని ఆమె తలంచినది ఆమె యందే మిగిలి యున్నట్లు ఈ ప్రశ్నలవలన బయటపడెను.

తెలంగాణపు ఇల్లాండ్రకు ఇందులో వింత యేమియు ఉండదు. పెత్రమాసనాడు పోయిన పెద్దల పేర బియ్యమిచ్చి, వారికిష్టమైనది వండిపెట్టి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ నాడుట ఇక్కడి ఆచారము. పోయినవారిని ఏటేట పేరు పెట్టి పిలుచుటయే గాని పంపివేయుట ఇందు లేదు. పాశ్చాత్య వైద్యులకు ఒక వ్యాసము అవసరమైన సంగతి ఇక్కడ అమావాస్య దినమున వంటింటిలో జరిగిపోవుచున్నది.

మనిషి క్రొత్తగా చెప్పుకొన్న కథ నాలుగు గోడల నడుమ నిలువదు, వినువారు ఉండవలెను. ఈ సంగతిని వైట్ బార్బరా మయర్‌హాఫ్ అను మానవశాస్త్రజ్ఞురాలి వద్ద నేర్చెను. కాలిఫోర్నియా సముద్రతీరమున, పిల్లలకు దూరమై పేదరికములో బ్రతుకు వృద్ధులైన యూదులు ఒక చోట కూడి, తాము బ్రతికిన బ్రతుకును ఒకరికొకరు వినిపించుకొనుటను ఆమె గ్రంథస్థము చేసినది. చూచువారు లేనప్పుడు మనిషి తనకు తానే మాయమగునని ఆమె గ్రహించినది. దానినుండి వైట్ ఒక పద్ధతి ఏర్పరచెను. బాధపడువాడు తన కథ చెప్పుచుండగా కొందరు సాక్షులు పక్కన కూర్చుండి వినుదురు. తరువాత వారు మాటలాడుకొనుచుండగా అతడు వినును. సాక్షులకు నాలుగు సంగతులే చెప్పుటకు అనుమతి: ఏ మాట మనసుకు తగిలినది, ఆ మాటవలన అతని బ్రతుకును గూర్చి ఏ చిత్రము తోచినది, తమ బ్రతుకులో ఏ సంగతి దానితో పలికినది, వినినందువలన తమలో ఏమి కదలినది. సలహా చెప్పరాదు. తీర్పు చెప్పరాదు. మెచ్చుకొని ముగింపరాదు.

ఇచ్చోడ చుట్టుపట్ల గూడెములలో ఈ సాక్షుల వ్యవస్థకు దగ్గరి చుట్టములు కలవు. ప్రధానులు తరతరములుగా గోండు కుటుంబములకు కథాధారులు. కీకిరి వాయించుచు ఏ వంశము ఎక్కడ పుట్టినది, ఏ దేవుని కొలిచినది, ఏ ఆపద దాటినది అని పాడి వినిపింతురు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు క్రొత్త కోడండ్రను దేవుని ఎదుట, పెద్దల ఎదుట పరిచయము చేయు భేటింగ్ ఆచారము కలదు. అందరు చూచుచుండగా ఒక మనిషికి వంశములో చోటు దొరకుట అందలి మర్మము. ఈ గోండుల జీవితమును పరిశీలించి 1948లో గ్రంథము ప్రకటించిన హైమండార్ఫ్ దొర ఇవి చూచి వ్రాసినవాడే. అయినను ఒక భేదము చెప్పక తప్పదు. ఊరి రచ్చకట్ట మీద కూర్చుండు నలుగురును సాక్షులే గాని, వారు ముందుగా తీర్పు చెప్పుదురు. ‘గట్ల జేస్తే గిట్లనే అయితది’ అను ఒక్క మాటతో చెప్పువాని నోరు మూతపడును. పేరు కట్టునది ఊరే. పేరు విప్పగలదియు ఊరే. వైట్ పద్ధతిలో కష్టమైన భాగము తీర్పు చెప్పు నోటిని కొంతసేపు మూయించుట.

ఆస్ట్రేలియా ఆదివాసులతో ఆయన బృందము చేసిన పని ఇక్కడివారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. పోలీసు లాకప్పులలోను, జైళ్లలోను ఆదివాసులు చనిపోవుటను విచారించుటకు 1987లో ఆ దేశపు ప్రభుత్వము ఒక రాయల్ కమిషనును నియమించెను. 99 మరణములను విచారించి 1991లో అది నివేదిక నిచ్చినది. నివేదికలు వచ్చినను, బిడ్డను పోగొట్టుకొన్న ఇండ్లలో దుఃఖము తీరలేదు. దక్షిణ ఆస్ట్రేలియా ఆదివాసీ ఆరోగ్య మండలి కోరిక మీద, 1994లో కూరాంగ్ అను చోట నడచిన శిబిరములో ఆ కుటుంబములవారు కూడిరి. శిబిరము ఎట్లుండవలెనో వారే చెప్పిరి. డలిచ్ సెంటరువారు, ఆదివాసీ కార్యకర్తలు కలిసి వినువారైరి. చనిపోయినవారిని పోలీసు కాగితములు నేరస్థులుగా చెప్పినవి. వారు తల్లులకు కొడుకులు, పాటలు పాడినవారు, చేపలు పట్టినవారు అని కుటుంబములు చెప్పినవి. అన్యాయము జరిగిన చోట దుఃఖమును మనిషి మనసులోని లోపముగా ఎంచుట మరియొక అన్యాయమని ఆ శిబిరము స్పష్టము చేసినది. 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులను జ్ఞప్తియందుంచుకొన్న ఈ ప్రాంతమునకు ఆ మాట వివరింపనక్కరలేదు.

వైట్ పద్ధతికి హద్దులు కలవు. ఔషధములను పరీక్షించునట్లు, వేలమంది రోగులపై తూచి చూచిన ఫలితములు దీనికి తక్కువ. చెవిలో మాటలు వినబడుచు తిండి నిద్ర మానినవానికి, ఫిట్సు వచ్చువానికి, ప్రాణము తీసికొనబోవువానికి ముందు డాక్టరు కావలెను, మందు కావలెను. కథ దానికి మారు కాదు. అయితే మందు వాడుచున్న మనిషికిని ఊరు పెట్టిన పేరు అట్లే ఉండును గదా! చెవిలో తిట్లు వినబడు వ్యాధితో ఏండ్ల తరబడి బాధపడినవారితో వైట్ 1990లలో పనిచేసెను. ఆ గొంతులు చెప్పునదెల్ల ఎందుకు నమ్మవలెను, అవి ఎవరి మేలు కోరుచున్నవి అని వారితో కలిసి ఆయన ప్రశ్నించెను. గొంతులు పూర్తిగా పోవుటను ఆయన షరతు చేయలేదు; వాటి పెత్తనము తగ్గుటయే పెద్ద లాభమని అట్టివారు చెప్పుకొనిరి.

2007లో తన పద్ధతినంతయు ఒక గ్రంథములో క్రోడీకరించి, 2008 ఏప్రిల్ 4న, పాఠములు చెప్పుటకు అమెరికాలోని సాన్ డియేగో నగరమునకు పోయినప్పుడు, గుండెపోటువలన మైకేల్ వైట్ మరణించెను. అప్పటికి ఆయనకు 59 ఏండ్లు. ఆయన పని ఇతరుల చేతులలో సాగుచున్నది. వాటిలో చెట్టు బొమ్మ పద్ధతి పల్లెబడులకు చక్కగా తగును. జింబాబ్వేకు చెందిన న్కజెలో న్క్యూబే, డలిచ్ సెంటరులోని డేవిడ్ డెన్‌బరో కలిసి, తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకొరకు దీనిని రూపొందించిరి. పిల్లవాడు ఒక చెట్టు గీయును. వేళ్లు వాని వంశము, ఊరు, నేల నేడు తానున్న చోటు, మాను వానికి వచ్చిన పనులు, కొమ్మలు కోరికలు, ఆకులు తన మనుష్యులు, పండ్లు ఇతరులు తనకిచ్చినవి. పిల్లలందరి చెట్లను గోడకు అతికించి అడవి చేయుదురు. ఆ తరువాతనే గాలివానను గూర్చి మాటలాడుదురు. ముందు చెట్టు నిలిచిన పిమ్మటనే గాలివాన ప్రసక్తి రావలెనన్న వరుసలో ఎంతో వివేకము కలదు.

ఇట్టి సేవకులు లేని పల్లెలో ఏమి చేయవలెను? ఇక్కడనుండి ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు పోవలెనన్నచో హైదరాబాదు వరకు ప్రయాణము. ఆదిలాబాదు నుండి సుమారు 300 కిలోమీటర్లు. రోగితో ఆ బస్సెక్కుటకే కుటుంబములు వెనుకాడును. పెన్‌గంగ కావల, విదర్భలోని అమరావతి జిల్లాలో 30 గ్రామములలో ఒక ప్రయత్నము జరిగినది. ఊరివారికే శిక్షణ నిచ్చి, ఇంటింటికి పంపి, క్రుంగిపోయినవారితో మాటలాడించి, అవసరమైనవారిని డాక్టరు వద్దకు చేర్చిరి. మనోవ్యాకులతతో బాధపడువారిలో ఏదో ఒక సహాయము పొందినవారు మొదట నూటికి 4.3 మంది ఉండగా, ఆ పని పిమ్మట 27.2 మంది అయినట్లు 2017లో ప్రకటించిరి. నూటికి డెబ్బది ముగ్గురు ఇంకను మిగిలిరన్నది నిజమే. అయినను మొదటి లెక్కను చూచినవారు ఈ రెండవ దానిని చిన్నచూపు చూడరు.

తెలిసికొనవలసిన సంగతులు మరి రెండు కలవు. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 చట్టపు 115వ సెక్షను ప్రకారము, ప్రాణము తీసికొనుటకు ప్రయత్నించినవారు తీవ్రమైన మనోవేదనలో ఉండిరనియే ఎంచవలెను. వేరుగా రుజువైననే తప్ప వారిపై విచారణ, శిక్ష ఉండరాదు. పురుగుల మందు త్రాగిన మనిషిని పోలీసు కేసునకు జడిసి ఆసుపత్రికి తీసికొనిపోక ఇంట దాచి ఉంచిన కుటుంబములు ఈ సంగతి తెలియకనే అట్లు చేసినవి. రెండవది, 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత ఫోను సేవ. నంబరు 14416. పగలు రాత్రి తేడా లేదు, తెలుగులో మాటలాడవచ్చును, ఇంటివారైనను, ఇరుగుపొరుగువారైనను చేయవచ్చును. ఈ నంబరును గ్రంథాలయపు నోటీసు బోర్డు మీద, చందాదారుల పట్టిక పక్కన, దూరమునుండి కనబడునంత పెద్ద అంకెలతో వ్రాయించుటకు కార్యవర్గమువారు అంగీకరించియున్నారు.